పైపు పోయే ఊరిని కూడా అడగండి

అధ్యక్షులవారికి,
పెట్రోలియం, సహజవాయు నియంత్రణ మండలి,
న్యూఢిల్లీ.

అయ్యా,

ఒడిశాలోని పారాదీప్ నుంచి హైదరాబాదు దాకా ఇండియన్ ఆయిల్ పైపులైను పొడవు 1,212 కిలోమీటర్లు. అందులో 329 ఒడిశాలో, 723 ఆంధ్రప్రదేశ్‌లో, 160 తెలంగాణలో. పెట్రోలు, డీజిలు దించుకునే చోట్లు బరంపురం, విశాఖ, రాజమండ్రి, విజయవాడ, హైదరాబాదు. బరంపురానికీ విశాఖకూ నడుమనున్న శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు ఈ లైనుకు దారి మాత్రమే. గ్యాసుదీ అదే తోవ. కాకినాడ నుంచి శ్రీకాకుళం దాకా ఒక లైను వేయడానికి మీ మండలి 2014లో ఆంధ్రప్రదేశ్ గ్యాస్ డిస్ట్రిబ్యూషన్ కార్పొరేషన్‌కు అనుమతి ఇచ్చింది. శ్రీకాకుళం నుంచి ఒడిశాలోని అంగుల్‌కు సుమారు 700 కిలోమీటర్ల లైను గెయిల్‌ది. ఈ రెండూ కలిస్తే కృష్ణా-గోదావరి బేసిన్ గ్యాసుకూ, జగదీశ్‌పూర్-హల్దియా-బొకారో-ధామ్రా లైనుకూ తూర్పు తీరం వెంబడి లంకె పడుతుంది. ఆ లంకె దేశానికి కావలసిందే. లైను వద్దని చెప్పడానికి ఈ లేఖ రాయడం లేదు. రాష్ట్ర సరిహద్దు దాటే ప్రతి లైనుకూ, దారి ఖరారయ్యే ముందు, అది పోయే మండలాల్లో మీ మండలే తెలుగులో బహిరంగ విచారణ జరపాలనీ, అక్కడ వచ్చిన అభ్యంతరాలకు రాతపూర్వకంగా జవాబు చెప్పాలనీ, అలా చేయడాన్ని అనుమతి పత్రంలోనే షరతుగా పెట్టాలనీ అడగడానికి రాస్తున్నాను.

ఇప్పుడు అడిగేవాళ్లు లేరా అంటే, చూసేవాళ్లు చాలామందే ఉన్నారు. ఊరిని అడిగేవాళ్లే లేరు. 2006 చట్టం కింద మీ మండలి లైను ఎవరు వేయాలి, ఎంత సామర్థ్యంతో వేయాలి, రవాణా చార్జీ ఎంత, ఇతర కంపెనీలకు అందులో ఎంత చోటివ్వాలి అన్నది తేలుస్తుంది. ప్రతిపాదనను వెబ్‌సైటులో పెట్టి అభిప్రాయాలు కోరుతుంది. చార్జీల మీద ఢిల్లీలో ఓపెన్ హౌస్ కూడా పెడుతుంది. ఆ గదిలోకి వచ్చేది గ్యాసు అమ్మే కంపెనీలు, కొనే కంపెనీలు, వాటి లాయర్లు. పైపు మీద ఉన్న నేల ఎవరిదన్న ప్రశ్న అక్కడికి రాదు, అది పెట్రోలియం మంత్రిత్వశాఖ పని కాబట్టి. ఆ శాఖ 1962 నాటి పెట్రోలియం, ఖనిజాల పైపులైన్ల చట్టం కింద భూమిలో వినియోగ హక్కు తీసుకుంటుంది. పర్యావరణ శాఖ దగ్గరకు వెళితే 2006 నాటి నోటిఫికేషన్ తీసి చూపిస్తారు. జాతీయ పార్కులు, అభయారణ్యాలు, పగడపు దిబ్బలు, సున్నిత ప్రాంతాల గుండా పోయే లైన్లకే ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి. వరిపొలం కిందుగా, కొబ్బరితోట కిందుగా పోయేదానికి అక్కర్లేదు. అనుమతే అక్కర్లేనప్పుడు ప్రజాభిప్రాయ సేకరణ అసలే ఉండదు. అడవి భూమి విషయంలో గ్రామసభ అడ్డం రావచ్చు గానీ, రోడ్లు, కాలువలు, పైపులైన్ల వంటి పొడవాటి ప్రాజెక్టులకు ఆ సమ్మతిని 2013 ఫిబ్రవరిలోనే చాలావరకు సడలించారు. అదే ఏడాది వచ్చిన కొత్త భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ అంచనా, ఊళ్లో విచారణ తప్పనిసరి చేసింది. అయితే దాని నాలుగో షెడ్యూలులో 13 చట్టాలకు మినహాయింపు ఇచ్చారు. పైపులైన్ల చట్టం ఆ 13లో ఒకటి.

ఇక రాష్ట్ర ప్రభుత్వం ఉంది కదా అనుకుందాం. సహజవాయువు మొత్తం కేంద్ర జాబితాలోనిదనీ, గుజరాత్ చేసుకున్న గ్యాసు చట్టానికి శాసనాధికారం లేదనీ 2004 మార్చిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం అభిప్రాయం చెప్పింది. గెయిల్ కొచ్చి-బెంగళూరు లైను కోయంబత్తూరు, ఈరోడ్, సేలం వంటి ఏడు జిల్లాల పొలాల మీదుగా పోతుంటే, పొలాలు వదిలి హైవే పక్కన వేసుకోమని తమిళనాడు ప్రభుత్వం 2013లో ఆదేశించింది. ఆ ఆదేశం నిలవలేదు. 2016 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు గెయిల్ పక్షానే తీర్పు ఇచ్చింది. న్యాయంగా చూస్తే ఆ తీర్పుల్లో తప్పేమీ లేదు. అయిదు రాష్ట్రాలు దాటే లైనును అయిదు రాష్ట్రాలూ తలోవైపు లాగితే లైనే ఉండదు. కానీ దాని పర్యవసానం చూడండి. శ్రీకాకుళం కలెక్టరుకు గానీ, అమరావతిలోని మంత్రికి గానీ దారి మార్చే అధికారం లేనప్పుడు, ఊరివాడు చెప్పుకోవలసిన చోటు ఢిల్లీలోనే మిగిలింది. అధికారమంతా ఒక్కచోట పోగుపడినప్పుడు, వినవలసిన బాధ్యత కూడా అక్కడికే చేరాలి.

1962 చట్టంలో అభ్యంతరం చెప్పే అవకాశం ఉందని మీ న్యాయ సలహాదారులు గుర్తుచేస్తారు. ఉంది. గెజిట్‌లో మూడో సెక్షన్ నోటిఫికేషన్ వస్తుంది. 21 రోజుల్లో అభ్యంతరం ఇవ్వాలి. కాంపిటెంట్ అథారిటీ అనే అధికారి విని నివేదిక పంపుతాడు. ఆ నోటిఫికేషన్ ఒకసారి చేతిలోకి తీసుకుని రైతు కళ్లతో చదవండి. హిందీలో, ఇంగ్లీషులో పట్టిక. మండలం, గ్రామం, సర్వే నెంబరు, ఆపైన విస్తీర్ణం మూడు గళ్లలో: హెక్టారు, ఆరు, సెంటిఆరు. సున్నా, పన్నెండు, నలభై అయిదు అని ఉంటుంది. మా జిల్లాల్లో భూమి లెక్క ఎకరాల్లో, సెంట్లలో. ఆ అంకెలంటే సుమారు ముప్పై సెంట్లు అని తేల్చుకోవడానికి సర్వేయరు కావాలి. పోనీ తేల్చుకున్నా, పైపు పొలంలో ఏ మూలగా పోతుందో, ఎంత ఒత్తిడితో గ్యాసు నడుస్తుందో, ఇంటి గోడకు ఎంత దూరమో ఆ పట్టికలో ఉండదు. పట్టాదారు హైదరాబాదులో భవన నిర్మాణం పనిలోనో, చెన్నైలోనో, గల్ఫ్‌లోనో ఉంటాడు. ఉత్తరాంధ్రలో వలస సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. పొలం దున్నేది కౌలురైతు. అతని పేరు పాసుపుస్తకంలో ఉండదు. 21 రోజులు అలా గడిచిపోతాయి. తర్వాత గడ్డపారలతో, పసుపుపచ్చ గుర్తురాళ్లతో మనుషులు దిగినప్పుడు ఊరికి సంగతి తెలుస్తుంది. అప్పటికి భూమిలో హక్కు కంపెనీకి దఖలుపడి ఉంటుంది.

పరిహారం దగ్గర అసలు చిక్కు ఉంది. అది ఉద్దానంలో ఉన్నంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు. చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం వినియోగ హక్కు పోయిన పట్టీలో ఇల్లు కట్టకూడదు, చెరువు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. అంతకుముందు చేసుకుంటున్న సాగు మాత్రం చేసుకోవచ్చు. పదో సెక్షన్ ప్రకారం పైరుకు, చెట్లకు జరిగిన నష్టం ఒక్కసారి కట్టి, దాంతోపాటు భూమి మార్కెట్ విలువలో పదిశాతం ఇస్తారు. ఈ చట్టం రాసినవాళ్ల మనసులో వరిపొలమో గోధుమపొలమో ఉండి ఉంటుంది. వరి విషయంలో ఈ లెక్క అంత అన్యాయమేమీ కాదు. ఒక పంట పోతుంది, దాని డబ్బు వస్తుంది, వచ్చే ఏడు అదే మడిలో మళ్లీ ఉభాలు చేసుకోవచ్చు. పైపు కనీసం మీటరు లోతున ఉంటుంది కనుక నాగలికి తగలదు. నరసన్నపేట పల్లపు పొలాల రైతుకు ఈ లెక్క సరిపోవచ్చు.

ఉద్దానంలోని కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో సంగతి వేరు. అక్కడ భూమి అంటే తోట. ఇసుకనేల, దాని మీద కొబ్బరి. కొంచెం ఎగువకు పోతే జీడి, పనస. ఎకరానికి 70 కొబ్బరిచెట్లు అనుకుంటే, అర ఎకరం పట్టీలో 35 చెట్లు కొడతారు. చెట్టుకింత అని డబ్బిస్తారు. ఆ తర్వాత ఆ పట్టీలో ఎప్పటికీ చెట్టు ఉండకూడదు. ఉదాహరణకు ఎకరం పది లక్షలనుకోండి. అర ఎకరానికి అయిదు లక్షలు, అందులో పదోవంతు యాభై వేలు. చెట్టు మొలవకూడని తోటకు అది శాశ్వత వెల. భూమి మీదే కదా, మీ పేరునే ఉంది కదా అని చట్టం అంటుంది. పేరుంది, తోట లేదు. ఇసుకనేలలో ఆ పట్టీలో వేరే ఏం వేసుకుంటాడన్నది ఎవరి ఫైలులోనూ లేదు. వరిమడికీ కొబ్బరితోటకూ ఒకే పదిశాతం అనడం సమానత్వంలా కనిపిస్తుంది. ఒకడు ఒక పంట నష్టపోతే మరొకడు ఒక తరం ఆదాయం నష్టపోతున్నప్పుడు ఇద్దరికీ ఒకే కొలత వాడటం అది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకు అయిదారేళ్లు ఆగాలని తెలిసి కూడా రైతులు మళ్లీ నాటారు. తుపాను కూల్చిన చోట మళ్లీ నాటుకునే హక్కు ఉంది. పైపు పోయిన చోట ఆ హక్కు కూడా లేదు.

ఈ పదిశాతాన్ని గుజరాత్ రైతులు సవాలు చేస్తే, లాల్జీభాయి కడ్వాభాయి సావలియా కేసులో 2016లో సుప్రీంకోర్టు చట్టం చెల్లుతుందనే చెప్పింది. యాజమాన్యం పోవడం లేదు, వాడుకునే హక్కు మాత్రమే పోతోంది కనుక పదిశాతం తక్కువేమీ కాదన్నది దాని సారం. చెల్లుతుందన్న మాటకూ చాలుతుందన్న మాటకూ తేడా ఉంది. రెండోది కోర్టు తేల్చవలసినది కాదు, ప్రభుత్వం తేల్చవలసినది. కేరళ అదే చేసింది. 2017లో కోళిక్కోడ్ జిల్లాలో గెయిల్ లైను మీద ఆందోళన ముదిరాక, ఆ ప్రభుత్వం పరిహారానికి లెక్కగట్టే భూమి విలువను బాగా పెంచింది. పది సెంట్లు, అంతకు తక్కువ ఉన్నవాళ్లకు అయిదు లక్షల సాయం ప్రకటించింది. ఇంత చిన్న కమతం గుండా లైను పోతే మిగిలేది ఏమీ ఉండదని అక్కడివాళ్లు చెప్పబట్టి ఆ తేడా వచ్చింది. అదే మాట మొదట్లోనే ఎవరైనా అడిగి ఉంటే లాఠీల దాకా పోనక్కర్లేకపోయేది. ఆ కొచ్చి-మంగళూరు లైను చివరికి 2021 జనవరి 5న ప్రారంభమైంది.

భద్రత విషయంలో ఊరి మాట వినడం దయాదాక్షిణ్యం కాదు, ఇంజినీరింగ్ అవసరం. పైపు గోడ ఎంత మందం ఉండాలన్నది చుట్టూ ఎన్ని ఇళ్లున్నాయన్న దాన్ని బట్టి నిర్ణయిస్తారని మీకు తెలుసు. లైనుకు రెండుపక్కలా 200 మీటర్లు, పొడవునా 1.6 కిలోమీటర్లు తీసుకుని అందులో ఇళ్లు లెక్కబెట్టి ప్రాంతాన్ని తరగతులుగా విడగొడతారు. సర్వే నాడు అక్కడ జీడితోట ఉంటే తక్కువ తరగతి. భోగాపురం విమానాశ్రయం మాట పుట్టినప్పటి నుంచీ విజయనగరం జిల్లాలో జాతీయ రహదారికి అటూఇటూ రాళ్లు పాతి ప్లాట్లు వేయని గరువు లేదు. పైడిభీమవరం, రణస్థలం వైపు ఫ్యాక్టరీలు, వాటి వెనుక అద్దె ఇళ్లు. పదేళ్లలో ఏ గరువు కాలనీ అవుతుందో ఉపగ్రహ చిత్రం చెప్పదు. గ్రామ సచివాలయంలో సర్వేయరు చెప్తాడు, టీకొట్టు దగ్గర బ్రోకరు ఇంకా బాగా చెప్తాడు. నాగావళి, వంశధార, మహేంద్రతనయ, బాహుదా నదులు నాలుగూ ఒడిశాలో పుట్టి మా జిల్లాలోకి వస్తాయి. తీరం వెంబడి ఒడిశాలోకి పోయే లైనేదైనా వాటిని దాటాలి. వరదకు అడుగు ఎంత కోసుకుపోతుందో లెక్కగట్టి పైపును దానికి కిందుగా దించుతారు. ఆ లెక్క నది కోతకు. ఇసుక రీచ్‌లో రాత్రిపూట పొక్లెయిన్ ఎంత కోస్తుందో అందులో ఉండదు. నాగావళి ఒడ్డున ఏ ఊరినడిగినా చెప్తారు.

ఊరి మాట వినకపోతే ఏమవుతుందో తెలుగువాళ్లు ఒకసారి చూశారు. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామంలో గెయిల్ 18 అంగుళాల లైను పేలింది. తాటిపాక నుంచి కొండపల్లి విద్యుత్ కేంద్రానికి గ్యాసు తీసుకుపోయే లైను అది. గ్యాసు పొగమంచులా కమ్ముకుని ఉన్నవేళ పొద్దున్నే పొయ్యి వెలిగించడంతో నిప్పంటుకుందని అప్పట్లో చెప్పారు. ఇరవైమందికి పైగా చనిపోయారు. కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయాయి. పొడి గ్యాసు కోసం వేసిన లైనులో నీరు కలిసిన గ్యాసు పంపడం వల్ల లోపల తుప్పు పట్టిందని విచారణలో తేలింది. లీకు అవుతోందని ఊరివాళ్లు అంతకుముందే చెప్పినట్టు పత్రికల్లో వచ్చింది. మీ మండలి దగ్గర 2009 నాటి భద్రతా ప్రమాణాలు, 2010 నాటి అత్యవసర ప్రణాళిక నిబంధనలు, 2012 నాటి లైను పటిష్ఠత నిబంధనలు అప్పటికే ఉన్నాయి. కాగితాలకు కొరత లేదు. ఆ కాగితాలకూ, వాసన పసిగట్టిన ఊరికీ నడుమ తీగ లేదు. లైను వేసే ముందు ఒకసారి ఎదురెదురుగా కూర్చున్న ఊరికి ఎవరికి ఫోను చేయాలో తెలుస్తుంది, ఫోను ఎత్తినవాడికి అది ఏ ఊరో తెలుస్తుంది.

అభ్యంతరాలు నాకు తెలియనివి కావు. జాతీయ ప్రయోజనం ముందు నాలుగు మండలాల మాట ఎంత అంటారు. అమెరికాలో ఇదే ప్రశ్న కీస్టోన్ ఎక్స్ఎల్ రూపంలో వచ్చింది. కెనడా నుంచి సరిహద్దు దాటే చమురు లైనుకు అక్కడ అధ్యక్షుడి అనుమతి కావాలి. ఆ లైను జాతీయ ప్రయోజనానికి తగునా అని విదేశాంగ శాఖ అప్పట్లో బహిరంగంగా విచారించింది. 2015లో ఒబామా కాదన్నారు, 2017లో ట్రంప్ ఔనన్నారు, 2021 జనవరిలో బైడెన్ రద్దు చేశారు. ఇంత ఊగిసలాట మనకొద్దు, నిజమే. కానీ ఆ గొడవ మధ్యలో జరిగిన ఒక మంచిపని గమనించండి. నెబ్రాస్కాలోని శాండ్‌హిల్స్ ఇసుకనేలల కింద భూగర్భజలం ఉందని అక్కడి పశుపాలకులు, రైతులు పట్టుబట్టాక, 2011 నవంబరులో విదేశాంగ శాఖ ఆ నేలలు తప్పించే దారులు చూస్తామంది. దారి మారింది. లైను ఆగిందన్నది వేరే రాజకీయం. దారి మారిందన్నది విచారణ ఫలితం. ఉద్దానం ఇసుకనేలల గురించి అలా అడగడానికి ఇక్కడ ఒక వేదిక కూడా లేదు.

ఆలస్యమవుతుందన్నది రెండో మాట. కాకినాడ-శ్రీకాకుళం లైనుకు ఏ ఊళ్లోనూ ప్రజా విచారణ తప్పనిసరి కాదు. అయినా అది అనుకున్న గడువుకు పూర్తికాలేదు. ఆలస్యానికి మూలం విచారణ అయితే, విచారణే లేని లైను ఎందుకు ఆలస్యమైంది? పనులు మొదలయ్యాక పొలంలో ఆగే ఆరు నెలల కన్నా, మొదలయ్యే ముందు మండల కేంద్రంలో కూర్చునే ఆరు వారాలు చవక. దారి చెప్తే దొంగలకు, విద్రోహులకు తెలిసిపోతుందని మరికొందరంటారు. సర్వే నెంబర్లు గెజిట్‌లోనే ఉన్నాయి. లైను పొడవునా గుర్తురాళ్లున్నాయి. చమురు దొంగకు అవి చాలు. తెలియనిది పక్కన బతికే కుటుంబానికే.

ఇది మా పరిధి కాదు, భూమి మంత్రిత్వశాఖది అని మీరు అనవచ్చు. అన్నిటికన్నా బరువైన అభ్యంతరం ఇదే. పదిశాతం మార్చడం మీ చేతిలో లేదని ఒప్పుకుంటాను. కానీ సాంకేతిక, భద్రతా ప్రమాణాలు నిర్ణయించేది మీరే, అనుమతికి షరతులు పెట్టేది మీరే. వివరమైన సర్వే అయ్యాక, మూడో సెక్షన్ నోటిఫికేషన్‌కు ముందు, కంపెనీ దారి పటాన్ని తెలుగులో సచివాలయాల్లో పెట్టాలనీ, మీ సభ్యుడొకరి ముందు విచారణకు రావాలనీ అనుమతి పత్రంలో ఒక పేరా రాయడానికి పార్లమెంటు అక్కర్లేదు. తోట భూములకు పరిహారం వేరుగా ఉండాలని విచారణలో తేలితే, ఆ మాట మంత్రిత్వశాఖకు సిఫారసుగా పంపడానికి ఎవరూ అడ్డుచెప్పరు. దాని ఖర్చు గ్యాసు వినియోగదారుడి మీద పడుతుందంటారా? 2023 ఏప్రిల్ 1 నుంచి ఏకీకృత చార్జీ తెచ్చింది మీరే. జాతీయ గ్రిడ్‌లో కలిసిన లైన్ల ఖర్చంతా ఒకే కుండలో పోసి దేశమంతటికీ పంచుతున్నారు. గుజరాత్ లైను ఖర్చును ఆంధ్ర వినియోగదారుడు పంచుకుంటున్నప్పుడు, కవిటి కొబ్బరితోటకు న్యాయమైన వెల కూడా అందరి మీదా పలుచగా పడుతుంది. ఆ చార్జీలో అది ఎక్కడుందో వెతికినా కనిపించదు. కరెంటు చార్జీల మీద మా విద్యుత్ నియంత్రణ మండలి ఏటా బహిరంగ విచారణ జరుపుతుంది, రైతుసంఘం ప్రతినిధి లేచి ఇంజినీరును నిలదీస్తాడు. ఆకాశం కిందపడలేదు. వంశధార నీళ్లు ఎవరికెంత అని తేల్చడానికి 2010లో ట్రైబ్యునల్ వేశారు. అది రెండు రాష్ట్రాల వాదనలూ విని 2017 సెప్టెంబరులో తీర్పు ఇచ్చింది. నది సరిహద్దు దాటితే ఏడేళ్లు విన్న దేశం, అదే నది కింద పైపు సరిహద్దు దాటితే ఏడు రోజులు వినలేదా?

విచారణలు తంతుగా మారతాయన్నది చివరి అభ్యంతరం. కొట్టిపారేయలేను. సోంపేట థర్మల్ కేంద్రానికీ పర్యావరణ అనుమతి ఉంది, విచారణ జరిగినట్టు కాగితాలూ ఉన్నాయి. బీల అనే చిత్తడి భూములు పనికిరాని నేలలని ఆ కాగితాల్లో రాశారు. ఆ బీలలో పంటలు, చేపలు, పశువుల మేత అన్నీ ఉన్నాయని చుట్టుపక్కల ఊళ్లు మొత్తుకున్నాయి. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ అనుమతిని కొట్టేసింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో, మరో థర్మల్ కేంద్రం విషయంలో, కాకరాపల్లిలో మళ్లీ కాల్పులు. ఈ చరిత్ర ఉన్న జిల్లా కనుకనే తంతు విచారణ వద్దంటున్నాను. కంపెనీ అధికారి వేదిక మీద, కలెక్టరు పక్కన, ప్రజలు తాడుకు అవతల ఉండే విచారణ ఎవరికీ పనికిరాదు. వినేది మీ మండలి సభ్యుడై ఉండాలి. లాల్జీభాయి కేసులోనే సుప్రీంకోర్టు కాంపిటెంట్ అథారిటీ న్యాయాధికారిగా పనిచేసినవాడో, న్యాయశాస్త్రంలో తర్ఫీదున్నవాడో అయి ఉండాలని కోరింది. అంటే వినడమన్నది గుమాస్తా పని కాదని కోర్టే ఒప్పుకుంది. చెప్పిన ప్రతి అభ్యంతరం నమోదు కావాలి. ఒప్పుకుంటే ఏం మార్చారో, కాదంటే ఎందుకు కాదన్నారో సర్వే నెంబరు వారీగా తెలుగులో రాసి అదే సచివాలయం గోడకు అంటించాలి. గ్యాసు ఎక్కాక, ఏటా జరిగే భద్రతా తనిఖీ సారాంశం కూడా ఆ గోడ మీదికే రావాలి.

గ్యాసు బొగ్గు కన్నా మేలని సోంపేట, కాకరాపల్లి ప్రజలకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. హైవే మీద ట్యాంకరు లారీల కన్నా భూమిలో పైపు భద్రమన్నదీ నిజమే. అందుకే ఇక్కడివాళ్లు లైనుకు శత్రువులని మొదటే అనుకోవద్దు. కొత్త పేరాతో మీరిచ్చే తొలి అనుమతి ఉత్తరాంధ్ర మీదుగా పోయేదైతే, విచారణకు కవిటినో సోంపేటనో ఎంచుకోండి. జూలై, ఆగస్టులు ఉభాల కాలం, పొలం వదిలి ఎవరూ రారు. అక్టోబరు, నవంబరు తుపానులకు వదిలేయండి. సంక్రాంతి వారంలో పెట్టండి. హైదరాబాదు నుంచీ, చెన్నై నుంచీ పట్టాదారులు ఊళ్లోనే ఉంటారు. కౌలుదారును వెంటబెట్టుకుని వస్తారు.

ఇట్లు,
శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక పౌరుడు